భర్త తీసిన కొలతలు

ఆసుపత్రిలో తొడుగులు కుట్టే ఆయన టేపును ఆమె మణికట్టు దగ్గర మొదలుపెట్టి, అంగుళన్నరకోసారి కొలుస్తూ భుజం దాకా వచ్చాడు. కాలిన మచ్చ ఉబ్బి గట్టిపడకుండా వేసే బిగుతు తొడుగు అది. స్నానానికి తప్ప విప్పకూడదు. కాస్త వదులైనా దండగే.

"కదలకమ్మా. నీ చెయ్యి వంకరైతే నా పేరు పోతుంది" అన్నాడాయన.

ఆమె ఫక్కున నవ్వింది. స్టవ్ మంట అంటుకున్న ఆరు నెలల్లో అదే మొదటి నవ్వు. పక్కనే కూర్చున్న భర్తకు మాత్రం కడుపు మండిపోయింది. నా దగ్గర రాని నవ్వు వీడి దగ్గర ఎలా వచ్చింది?

అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు. పాత తొడుగు సాగి, మళ్లీ కొలవాల్సిన రోజు వచ్చేసరికి అతడు, "నువ్వు రానక్కర్లేదు. కొలతలు నేనే తీసుకెళ్లి ఇస్తా" అన్నాడు.

"మీకు తెలీదండీ, ఆయన తీస్తేనే..."

"ఆయన చెయ్యి పడితేనే కుదురుతుందా నీకు?"

ఆమె చెయ్యి చాపింది. మచ్చలు కనపడకుండా ఆమె వేసుకునే పొడుగు చేతుల జాకెట్టు మీదుగానే టేపు చుట్టాడు మహానుభావుడు. చంక దగ్గర ఉజ్జాయింపుగా రాశాడు. "ఆవిడకి జ్వరం" అని చెప్పి చీటీ ఇచ్చి వచ్చాడు.

కొత్త తొడుగు వదులుగా వేలాడింది. "హాయిగా ఉందిగా" అన్నాడు. మూడు నెలలకు ఆమె జడ వేసుకోబోతే చెయ్యి చెవి దాకా కూడా లేవలేదు. చంకలో మచ్చ తాడులా బిగుసుకుపోయింది.

మళ్లీ ఆసుపత్రికి వెళ్తే, కుట్టే ఆయన ఆ చెయ్యీ వదులు తొడుగూ చూసి, "బట్ట మీద కొలిచారా? ఒంటి మీద ఎందుకు కొలవలేదు?" అని అడిగాడు.

భర్త తల దించుకున్నాడు. ఆమే చెప్పింది. "కాలినప్పట్నించి ఈ చెయ్యి ఆయన ముట్టుకోలేదండీ."

కుట్టే ఆయన టేపు తీసి భర్త చేతిలో పెట్టాడు.

"పట్టుకోండి, నేను చెప్తా. ఇక రోజూ నూనె రాసి ఈ చెయ్యి సాగదీయాల్సింది మీరే. అయినా ఆపరేషన్ తప్పుతుందని మాటివ్వలేను."

అతడి వేళ్లు మచ్చ మీద ఆనాయి. అది వెచ్చగా ఉంది. ఆమె కళ్లు మూసుకుంది. తాను ముట్టుకోనిదాన్ని మరొకరు ముట్టుకున్నారనే తన ఏడుపని అతడికి అప్పుడు తెలిసింది, సిగ్గేసింది.

వైద్యం చేసే చేతిని చూసి కుళ్లుకునే భర్తలారా, ముందు మీ చెయ్యి ఎక్కడుందో చూసుకోండి.