తెలియదని చెప్పే యంత్రం

సుమియె ప్రయోగశాలలో గోడవారన ఉన్న అయిదు యంత్రాల్లో చివరిదాని తీగ పీకి, చేతులు కట్టుకుని నిలబడింది. పొద్దున్నే ఏదో ఒకదాన్ని ఇలా వెలివేసి, అదేం చేస్తుందో, మిగతా నాలుగూ ఏం చేస్తాయో చూస్తే గాని ఆమెకు టీ గొంతు దిగదు. పొట్టి మనిషి. మెడ దాకా కత్తిరించిన నెరిసిన జుట్టు, ఏళ్ల తరబడి సంచీ మోసి ఒకవైపు జారిన భుజం, ఎప్పుడూ నెత్తిమీదే ఉండే కళ్లజోడు. నాలుగు యంత్రాలూ తమలో తాము సంప్రదించుకుని పని సాగించాయి. వెలిపడ్డది మాత్రం తెర మీద ‘నాకు తెలియదు’ అని చూపించి ఆగిపోయింది.

ఆమె తృప్తిగా తీగ మళ్లీ గుచ్చింది. డొక్కలో నొప్పి లేచింది. బల్ల అంచు పట్టుకుని, అది సద్దుమణిగేదాకా కదలలేదు.

నాగసాకిలోని విశ్వవిద్యాలయంలో ఆమె చేరిన కొత్తలో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపడమే గొప్ప. కలిపేవాళ్లు చాలామంది ఉన్నారు. విడిపోయినప్పుడు వాటి గతేమిటన్నది సుమియె పట్టించుకుంది. ఒకే సమాచారాన్ని నాలుగుచోట్ల దాచుకున్న యంత్రాల మధ్య తీగ తెగితే, ఒంటరిగా మిగిలింది తన దగ్గరున్న పాత సంగతినే నిజమని చెప్పాలా, తెలియదని ఒప్పుకోవాలా? ఒప్పుకోవాలి అన్నది ఆమె వాదం. వయసులో ఉండగా టోక్యోలో ఒక సభలో ఆ మాటే చెబితే, వేదిక మీది పెద్దాయన నవ్వి, “మా అల్లుడూ అంతేనమ్మా, ఏది అడిగినా తెలియదంటాడు. దానికి మళ్లీ యంత్రమెందుకు?” అన్నాడు. సభంతా గొల్లుమంది. ఆమె కూడా నవ్వింది. రాత్రి రైలెక్కి వచ్చేసి, తెల్లారి వదిలినచోట మళ్లీ మొదలుపెట్టింది.

పదవులు ఇతరులకు వెళ్లాయి. ఆమె పక్కన కూర్చుని పని నేర్చుకున్న హతమురా ప్రొఫెసరై, ఆ ప్రయోగశాలకే పెద్ద అయ్యాడు. అతనికి నలుగురితో మాట్లాడటం వచ్చు, నాకు రాదు అనేది సుమియె. ఆ మాటలో ఉక్రోషం వెతికినా దొరికేది కాదు.

ఆమె పద్ధతిని నమ్మి, ఆ వసంతంలో గోతో దీవుల్లోని నాలుగు చిన్న వైద్యశాలల్లోనూ, పట్నంలోని పెద్దాసుపత్రిలోనూ ఒక్కొక్క యంత్రం పెట్టారు. ఏ రోగికి ఏ మందన్నది అయిదింట్లోనూ ఒకేలా ఉంటుంది. సముద్రం అడుగున తీగ తెగినప్పుడే చిక్కు. దీవుల్లోని నర్సులు విసుక్కుంటున్నారు. ఆ సంగతి తేల్చడానికి మర్నాడు ప్రభుత్వాధికారులు వస్తున్నారు. వాళ్లు కాదంటే పెట్టెలన్నీ ఊడబీకడమే.

హతమురా కోటు విప్పకుండానే వచ్చి ఆమె బల్ల దగ్గర నిలబడ్డాడు.

“మేడం, రేపొక్కరోజుకు ఆ మాట తీసేద్దాం. పాత వివరం ఉంటుందిగా, అదే చూపించనివ్వండి. తెర మీద తెలియదని కనబడితే వచ్చినవాళ్లు ఇక మన మొహం చూడరు.”

“చూడకపోతే పోనీ బాబూ. తెలియనిదాన్ని తెలుసని ఎలా చెప్పించను దానిచేత?”

“ఇది పోతే మీ కష్టమంతా అటకెక్కుతుంది. మీకోసమే చెబుతున్నాను.”

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. అందులో అబద్ధం లేదు. ఆమెకు ఇంకో అవకాశం రాకపోవచ్చన్న సంగతి అతనికి తెలియదు. మర్నాడు తను ఆసుపత్రిలో చేరుతున్నట్టు ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నంలోగా చూస్తానని అతన్ని పంపించి, ప్రోగ్రాం తెరిచింది. తీయవలసింది ఒకే ఒక్క వరుస. దానికి తెర మీద గుర్తుపెట్టి, చెరిపేసే మీట మీద వేలుంచి చాలాసేపు కూర్చుంది. ఒక్కరోజే కదా అనిపించింది. ఒక్కరోజు అబద్ధమాడి బతికితే ఎంతమందికి మేలు! తెచ్చుకున్న అన్నం డబ్బా తెరిచి, ఉప్పులో ఊరవేసిన రేగుపండు పక్కకు నెట్టి, రెండు ముద్దలు తిని మూతపెట్టింది.

ఫోను మోగింది. కజగురి దీవి నర్సు చిగుసా. ఏదో ఓడ లంగరు తగిలి పొద్దుటే తీగ తెగిందట. రేవు ఆఫీసుకు పరిగెత్తి అక్కడి రేడియో ఫోనులో మాట్లాడుతోంది.

“ఏం సుమియక్కా, నీ పెట్టె మళ్లీ మొరాయించింది. గెంజిరో తాత మందుకోసమొచ్చాడు, వెంట తీసుకొచ్చి ఇక్కడే కూర్చోబెట్టా. ఎంతివ్వాలని అడిగితే తెలియదంటోంది నీ మహాతల్లి. ఆ మాట చెప్పడానికి కరెంటు కూడానా? రోజూ వేసుకునేదేగా, ఇచ్చెయ్యనా?”

“ఏం మందు?”

“రక్తం పలచన చేసేది.”

“ఇవ్వకు. ఫోను పెట్టెయ్యకు. పెద్దాసుపత్రిని నేనడుగుతా.”

చిగుసా గొణుగుతూనే ఉంది. సుమియె రెండో ఫోనందుకుంది. ఆసుపత్రిలో డాక్టరు దొరికేసరికి కొంతసేపు పట్టింది. అతను కంగారుగా చెప్పాడు: తాత రక్తపరీక్ష ఫలితం పొద్దుటే వచ్చింది, రక్తం మరీ పలచబడింది, ఆ మందు ఆపేశాను, ఇంకొక్కటి పడితే లోపల రక్తస్రావం కావచ్చు, వెంటనే పడవెక్కించండి. అతను యంత్రంలో ఆ మాట రాసేటప్పటికే తీగ తెగిపోయింది. మిగతా నాలుగింట్లోనూ అది చేరింది, కజగురికి అందలేదు.

సుమియె ఆ మాటలన్నీ చిగుసాకు చెప్పింది.

“నీళ్లు కూడా పోసిచ్చానక్కా,” అంది చిగుసా. “మాత్ర నా చేతిలోనే ఉంది.”

సుమియె ఫోను పెట్టి తల తిప్పేసరికి హతమురా అంతా వింటూ గుమ్మంలో ఉన్నాడు. అతను తెర మీద గుర్తుపెట్టి ఉన్న వరుసను చూశాడు, ఆమెను చూశాడు. చదువుకునే రోజుల్లోలా కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

“ఉండనివ్వండి. రేపు అదే చూపిద్దాం. తాత సంగతి నేనే చెబుతాను వాళ్లకు.”

“పేరు చెప్పకు. నలుగురి నోళ్లలో పడితే ఆయనకు నామోషీ.”

సాయంత్రం కబురొచ్చింది: తాత క్షేమంగా పెద్దాసుపత్రి చేరాడు, అక్కడి గంజి చప్పగా ఉందని నర్సులను తిడుతున్నాడు. సుమియె చాలా రోజుల తర్వాత పైకే నవ్వింది. తర్వాత బల్ల తుడిచి, పని ఎక్కడెక్కడ ఆగిందో హతమురాకు చూపించి, మర్నాడు తనకు ఆపరేషనని మామూలు మాటలా చెప్పింది. అతను కుర్చీలోంచి లేచాడు. పెద్దదేం కాదు, కంగారుపడకు, అధికారులకు టీ వేడిగా ఇప్పించు అని చెప్పి, సంచీ భుజానికి తగిలించుకుని వెళ్లింది.

అధికారులు వచ్చారు, విన్నారు, యంత్రాలను ఉండనిచ్చారు. ఆ కబురు ఆమెకు ఆసుపత్రి మంచం మీద అందింది. అలాగా అని కళ్లు మూసుకుందట. ఆపరేషనైనా కోలుకోలేదు, చలికాలం మొదట్లో పోయింది. చిగుసా పడవెక్కి అంత్యక్రియలకు వచ్చి, చివరిదాకా ఒక మూల నిలబడింది.

ప్రయోగశాల గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే అరలో, అందరికంటే కింద వరుసలో, ఆమె లోపల తొడుక్కునే గోధుమరంగు ఉన్ని చెప్పులు ఇప్పటికీ ఉన్నాయి. ఎడమదాని మడమ ఒకవైపే అరిగిపోయింది.