ల్యాప్‌టాప్ ఖాళీ అన్న డిస్కులు

పట్టాభికి కంప్యూటర్ల గురించి తెలియనిది లేదని ఎల్బీనగర్‌లో వాళ్ల వీధి మొత్తం నమ్మేది. అలా నమ్మించింది పట్టాభే. తెనాలి నుంచి వచ్చి, చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడు. ఎవరింట్లో ప్రింటర్ మొరాయించినా పిలవకముందే వెళ్లి, ముందు దాన్ని కొన్నవాళ్లను మందలించి, తరువాత విప్పేవాడు. విప్పినవన్నీ మళ్లీ బిగించాడని చెప్పలేం గాని, తప్పు మాత్రం ఎప్పుడూ ఆ వస్తువుదే అయ్యేది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. కోచింగ్ సెంటర్ మూతపడి పట్టాభి ఇంట్లోనే ఉన్నాడు. కింది వాటాలో ఇంటి ఓనరు గోపయ్య కూడా ఇంట్లోనే ఉన్నాడు. ఆయన ఆర్టీసీ కండక్టరు, నల్లగొండవైపు మనిషి. బావమరిది దుబాయి నుంచి తెచ్చిన వీడియో కెమెరా ఆయన దగ్గరుంది. అరచేతిలో ఇమిడే చిన్న డీవీడీలు వేసి తీసే రకం. చౌరస్తాలో వీధి ఆడవాళ్లు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పూ చేసిన రోజున గోపయ్య నాలుగు డిస్కుల నిండా తీశాడు. ఆ వంటకు పెద్దదిక్కు గోపయ్య భార్య అండాలమ్మ. గరిటె తిప్పుతూనే ఆమె పాటెత్తుకుంది, పోలీసులు వచ్చి నిలబడినా ఆపలేదు.

ఆ వీడియోను ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ దీక్షా శిబిరంలో తెర మీద వేద్దామని శిబిరం చూసుకునే మట్టయ్య అన్నాడు. ప్రొజెక్టర్ తను తెస్తానన్నాడు. కెమెరాతో వచ్చిన వైరు ఎప్పుడో పోయింది. అందుకని గోపయ్య డిస్కులు పట్టుకుని మేడెక్కి, వాటిని జర ల్యాప్‌టాప్‌లో వేసి చూడమన్నాడు.

"అక్కడ పెట్టేసి వెళ్లండి గోపయ్యగారూ, కాఫీ తాగేలోపు అయిపోతుంది" అన్నాడు పట్టాభి.

ఆ కాఫీ రోజుల తరబడి సాగింది.

ల్యాప్‌టాప్ డిస్కును మింగి, కాసేపు గిరగిరా తిప్పి, ఇది ఖాళీ డిస్కు, దీన్ని సిద్ధం చేసి ఏమైనా ఎక్కించమంటారా అని అడిగింది. పట్టాభి డిస్కును బనియన్‌కు తుడిచాడు. కళ్లద్దాల గుడ్డతో తుడిచాడు. నెట్‌లో ఎవరో చెప్పారని టూత్‌పేస్టు రాసి కడిగాడు. డిస్కు పుదీనా వాసన వేసింది గాని బొమ్మ రాలేదు. సాఫ్ట్‌వేర్లు కొత్తవి ఎక్కించాడు, పాతవి పీకేశాడు. చివరికి విండోస్ మొత్తం తుడిచేసి మళ్లీ వేశాడు. దాంతోపాటు ఏళ్ల తరబడి రాసుకున్న తన పాఠాలన్నీ తుడుచుకుపోయాయి. ఫైళ్లకు ఇంకో కాపీ ఉంచుకోండి అనేది ప్రతి బ్యాచ్‌కూ అతను చెప్పే మొదటి పాఠం.

గోపయ్య వచ్చి అడిగితే డిస్కుల్లో ఏమీ లేదని తీర్పు చెప్పాడు. గోపయ్య ఒక డిస్కును కెమెరాలో పెట్టాడు. అగ్గిపెట్టెంత తెర మీద అండాలమ్మ పాడుతూ కనిపించింది. పట్టాభి కంగారుపడలేదు. అది కెమెరా తన సొంత మెమరీలోంచి చూపిస్తోందని, డిస్కులోకి ఏమీ ఎక్కలేదని వివరించాడు. అది అబద్ధమని చెబుతుండగానే తెలిసింది. కాని వాక్యం ఎంత బాగా వస్తోందంటే, మధ్యలో ఆపబుద్ధి కాలేదు.

ఆంధ్రా సారు కావాలనే వీడియో ఆడనిస్తలేడని శిబిరంలో మాట పుట్టింది. మట్టయ్య స్వయంగా వచ్చి, మెట్ల దగ్గరే నిలబడి మర్యాదగా అడిగాడు. "సార్, మీకు ఇష్టం లేకుంటే చెప్పుండ్రి. మేము వేరేకాడ చూస్కుంటం."

నాకు చేతకావడం లేదు అంటే సరిపోయేది. కాని పట్టాభి మనసు లెక్కలు వేసింది. ఉద్యమద్రోహి అనిపించుకోవడమా, కంప్యూటర్ రాదనిపించుకోవడమా? మొదటిదానిలో కాస్త హుందాతనం కనిపించింది. ఏమీ అనకుండా నిట్టూర్చి, కిటికీలోంచి దూరంగా చూశాడు. మట్టయ్య అర్థమైనట్టు తలూపి వెళ్లిపోయాడు.

అంతా వంటింట్లోంచి విన్న అతని భార్య అలేఖ్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పొద్దున పంపు దగ్గర కిందావిడ తనతో మాట్లాడలేదని చెప్పింది. "మీకు రాదని చెప్పేయొచ్చు కదండీ. రాష్ట్రం ఏమైనా మనం ఉండేది ఈ ఇంట్లోనే" అంది.

పట్టాభి ఉడుక్కుని గది తలుపేసుకున్నాడు. డిస్కు మళ్లీ పెట్టాడు. ల్యాప్‌టాప్ పాత ప్రశ్నే వేసింది. ఖాళీ అంటోంది కదా, సరే అంటే పోయేదేముంది అనుకుని మీట మీద వేలు పెట్టాడు. అప్పుడు కింద పెరట్లోంచి అండాలమ్మ గొంతు వినిపించింది. బట్టలు ఉతుకుతూ, కెమెరాలో విన్న ఆ పాటే పాడుకుంటోంది. డిస్కు ఖాళీ కాదని అతనికి తెలుసు. వేలు దానంతటదే వెనక్కి వచ్చింది.

డిస్కులన్నీ తీసుకుని కిందికి దిగాడు. "నాకు తెలియడం లేదండీ" అన్నాడు. ఆ మాట కొత్త చెప్పులా కరిచింది.

"గా ముచ్చట మాకు మొన్ననే ఎరుకైంది సార్" అన్నాడు గోపయ్య. "మీరు పరేషాన్ అయితరని అనలే."

ఇద్దరూ కెమెరా ముందేసుకుని కూర్చున్నారు. వేసిన డిస్కును గోపయ్య బయటికి తీయబోతే, తెర మీద ఇంగ్లీషులో ఏదో ప్రశ్న వచ్చింది. ఆయన అలవాటుగా నో నొక్కబోయాడు. పట్టాభి ఆయన చెయ్యి పట్టుకుని, ప్రతిసారీ ఇలాగే అడుగుతుందా అన్నాడు.

"అడుగుతది సార్. డిస్కు ఫైనల్ చెయ్యాల్నా అంటది. కెమెరా కొత్తల మీరే చెప్పిండ్రు గదా, ఏదడిగినా నో కొట్టుమని."

చెప్పాడు. మెట్లు దిగుతూ, తెరకేసి చూడనైనా చూడకుండా పట్టాభే చెప్పాడు. తీసిన డిస్కును ఆ కెమెరాలోనే అలా ముగిస్తేగాని వేరే యంత్రాలు దాన్ని చదవలేవు. అందాకా వాటి కంటికి అది ఖాళీ డిస్కే.

"రాష్ట్రమే ఫైనల్ అయితలేదు, గీ బిళ్లలు ఎట్లయితయి" అంది అండాలమ్మ గుమ్మంలోంచి. పట్టాభికి నవ్వాలో వద్దో తెలియలేదు. ఆమే నవ్వాక నవ్వాడు. ఎస్ నొక్కారు. కెమెరా చాలాసేపు గురగురలాడింది. ఆ తరువాత ల్యాప్‌టాప్‌లో పెడితే, ఏ ప్రశ్నా వేయకుండా బొమ్మ వచ్చేసింది.

ఆదివారం శిబిరంలో పట్టాభి ముందుగా మట్టయ్యను పక్కకు పిలిచి, జరిగింది ద్రోహం కాదని, చేతకానితనమని చెప్పుకున్నాడు. మట్టయ్య ఒక పట్టాన నమ్మలేదు. అంత పెద్ద సారుకు రాకపోవడమేమిటని వాదించాడు. పట్టాభి తన తెలివితక్కువతనానికి ఒక్కొక్క రుజువూ చూపించుకోవలసి వచ్చింది. టూత్‌పేస్టు దగ్గర ఒప్పుకుని, మట్టయ్య కుర్చీ వేయించాడు.

తెల్లబట్ట మీద అండాలమ్మ నిలువెత్తున కనిపించింది. పాట మొదలైంది. వెనక వరుసలో అండాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఇది నా గొంతేనా అని గోపయ్యను మెల్లగా అడిగింది. ఆయన అవునన్నాడు.

తరువాత కెమెరా వడ్డన వరుస మీదికి తిరిగింది. వరుసలో ప్లేటు పట్టుకుని పట్టాభి ఉన్నాడు. బగారన్నం పెట్టించుకున్నాడు. కాసేపటికి మళ్లీ వరుసలో ఉన్నాడు. మూడోసారి వచ్చినప్పుడు గోపయ్య కెమెరాను అతని మీదే నిలిపాడు. నిండిన నోటితో, ఇంకొంచెం వంకాయ కూర అని చేత్తో చూపిస్తున్నాడు. శిబిరం అంతా ఘొల్లుమంది. సారు మన మనిషేనని ఎవరో అన్నారు.

పట్టాభి కూడా నవ్వుతున్నాడు. పక్కన కూర్చున్న అలేఖ్య మాత్రం నవ్వడం లేదు.

"ఆ వంటావార్పు రోజు బస్సుల్లేక దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచొచ్చానని, పొద్దుటినుంచీ పచ్చిమంచినీళ్లయినా ముట్టలేదని, నాచేత ఉప్మా చేయించుకున్నారు" అంది.

పట్టాభి రెండో డిస్కు పెట్టడానికి లేచాడు.