మూడో శ్లాబులో కన్నం

సూరమ్మ అప్పటికి నలభై మేకులు పీకింది. సెంట్రింగు చెక్కను మోకాలి కింద అదిమిపెట్టి, సుత్తి తోకను మేకు తల కింద దూర్చి, ఒక్క ఊపున లాగుతుంది. మొగుడు మేకు తొక్కి ధనుర్వాతంతో పోయి పద్దెనిమిదేళ్ళు. అప్పట్నుంచీ రాజమండ్రిలో ఏ సైటుకి ఇటుకలు మోయడానికి వెళ్ళినా, ఎవరూ చెప్పకుండానే ఈ పని కూడా చేస్తుంది.

కింద ఈల మోగింది. తబిత. చీర మీద చిలకపచ్చ సేఫ్టీ జాకెట్టు. నిరుడు ఆ పిల్లకి తట్ట ఎత్తుకోవడం నేర్పింది సూరమ్మే. చదవడం, రాయడం వచ్చని ఈ నెల నుంచి సేఫ్టీ పని ఆమెకిచ్చారు. టోపీ లేనివాళ్ళని ఆపాలి, శ్లాబుల్లో కన్నాలు మూయించాలి. మేస్త్రీలు కూడా ఆమె మాట వింటున్నారు. సూరమ్మకి కళ్ళు మూసుకున్నా ఆ జాకెట్టే కనిపిస్తోంది.

“అలా చూస్తావేంటి పిన్నీ?” అన్నాడు తాపీమేస్త్రీ బుల్లబ్బాయి. “తీర్థంలో నీకూ ఓ ఈల కొనమంటావా?”

“నీ నోట్లో పెట్టుకో. కాసేపు మూతపడుద్ది.”

పదకొండింటికి ఇంజనీరు దుర్గాసాయి తనిఖీకి వస్తాడు. మూడో శ్లాబులో పైపుల కోసం వదిలిన కన్నం మనిషి జారిపోయేంత వెడల్పు. దానిమీద తబిత పొద్దున్నే చెక్క వేయించింది. ఎవరూ లేకుండా చూసి సూరమ్మ ఆ చెక్క లాగి గోడకి చేరేసింది. ఇంజనీరు చూస్తాడు, తబిత దగ్గర ఆ సేఫ్టీ జాకెట్టు వెనక్కి తీసుకుంటాడు. ఆ తర్వాత తనకి కాక ఇంకెవరికిస్తారు?

నాలుగడుగులు వేసి ఆగింది. నెత్తిన తట్ట ఉన్నవాళ్ళకి కాళ్ళ కింద ఏముందో కనబడదు. తిరిగొచ్చి కన్నం పక్కన నిలబడింది.

పదకొండు దాటినా ఇంజనీరు రాలేదు. “ఇటు కాదు, అటెళ్ళండి” అని వచ్చినవాళ్ళని మళ్ళిస్తూ ఎండలోనే నిలబడింది. భోజనాలకి అందరూ దిగిపోయినా కరెంటు పనివాళ్ళు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. చెక్కతో కన్నం మూసేసి పోవచ్చు. చెయ్యి చెక్క మీద వేసింది కూడా. కింద ఎవరో “తబిత గారూ” అని పిలిచారు. చెయ్యి తీసేసింది.

మూడింటికి దుర్గాసాయి వచ్చాడు, వెనకే తబిత.

“ఏంటిది తబితా? నువ్వు చూసేది ఇదేనా?”

“పొద్దున్నే మూయించానండి.” తబిత మొహం పాలిపోయింది. “చంటిదానికి పాలు మాన్పించి మరీ వస్తున్నానండి. నేను మూయించకుండా ఉంటానా?”

అనుకున్నది అనుకున్నట్టే జరుగుతోంది. సూరమ్మ ఒక్కడుగు ముందుకేసింది.

“నేనే తీశానండి,” అంది.

“ఎందుకు?”

“ఆ జాకెట్టు నాక్కావాలండి.”

దుర్గాసాయి కన్నంలోంచి కిందికి చూశాడు. “మనిషి పోయేవాడు సూరమ్మా. రేపట్నుంచి రాకు.”

“ఆయ్,” అని తలూపి సూరమ్మ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

తబిత కన్నం మూసింది. గోడవార నీడలో సూరమ్మ మరిచిపోయిన స్టీలు క్యారేజీ కనిపించింది. పరిగెత్తి ఇచ్చేద్దామని ఎత్తింది. బరువుగా ఉంది. మూత తీసింది. పై గిన్నెలో గోంగూర పచ్చడి. కింది గిన్నెలో అన్నం, పొద్దున అదిమిన గరిటె గుర్తుతో సహా, అలాగే ఉంది.