కావడి మోసిన భుజం

ఆడి కృత్తిక పండుగ మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, తిరువళ్ళూరులో బియ్యం మిల్లు నడిపే సుందరరాజులు ఫోన్‌లో ఒక ఫొటో చూశాడు. తన మిల్లు కూలీ మునిరత్నం తిరుత్తణి కొండ మెట్ల మీద పూల కావడితో నిలబడి ఉన్నాడు. మునిరత్నం కూతురు మురిసిపోతూ స్టేటస్‌లో పెట్టుకున్న ఫొటో అది. సుందరరాజులు జవాబుగా చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపి, ఫొటోను దాచుకున్నాడు. భక్తితో మాత్రం కాదు.

ఐదు నెలల కిందట ఆ మిల్లులోనే బెల్టు లాగేసి మునిరత్నం కుడి భుజం నలిగిపోయింది. ఆ చేత్తో బరువెత్తకూడదు, కూర్చుని చేసే పని చేయగలడు అని డాక్టరు రాసిచ్చాడు. తూకం దగ్గర కూర్చోబెట్టమని మునిరత్నం బతిమాలాడు. "మూట మోస్తే రా, లేదంటే పో" అన్నాడు సుందరరాజులు. పదహారేళ్లు తన మూటలు మోసిన మనిషితో, సిగ్గు లేకుండా అన్న మాట అది! పరిహారమూ, చేయగలిగిన పనీ ఇప్పించమని మునిరత్నం లేబర్ ఆఫీసు మెట్లెక్కాడు.

విచారణ రోజున సుందరరాజులు ఆ ఫొటోను పెద్దది చేయించి తెచ్చి, అధికారిణి విద్యాలక్ష్మి బల్ల మీద పడేశాడు.

"చూడండి మేడమ్, అంతా నాటకం! కొండెక్కి కావడి మోసినాడు. నా మూట మాత్రం మొయ్యలేడంట."

"భుజం బాగు కావల్లని మొక్కుకున్నాను మొదలాళీ" అన్నాడు మునిరత్నం యజమానితో.

"సామి పేరు చెప్పి నన్నే ఏమారుస్తావా?"

గోడ వారన నిలబడ్డ మునిరత్నం భార్య మీనాంబ గబగబా ముందుకొచ్చింది.

"ఏ భుజం మీద ఉండాదో సరిగ్గా చూడన్నా. ఎడమ భుజం! కావడి పట్టుకున్న ఆ గాజుల చెయ్యి ఎవురిది? నాది. ఎత్తిపెట్టింది నేను, మెట్టు మెట్టుకీ పట్టుకున్నింది నేను. పూలూ వెదురూ కలిపితే నాలుగు కిలోలుండదు. నీ మూట డెబ్బై అయిదు. దానికి ఎవురు చెయ్యి పడతారు, నువ్వా?"

"నీ పెండ్లాన్ని నోరు ముయ్యమను!" అని సుందరరాజులు మునిరత్నం మీద అరిచాడు.

"నోరు ముయ్యాల్సింది మీరు" అంది విద్యాలక్ష్మి. "కుడి చేత్తో బరువెత్తకూడదని డాక్టరు రాశారు. ఈ ఫొటోలోనూ అది వేలాడుతూనే ఉంది. తూకం దగ్గర ఇప్పుడెవరున్నారు?"

"మా బావమరిది."

"ఆయన భుజాలు బాగానే ఉన్నాయా?"

సుందరరాజులు మొహం కందిపోయింది. విద్యాలక్ష్మి పరిహారం ఉత్తర్వు రాసి, మునిరత్నాన్ని తూకం పనిలోకి తీసుకుంటానని ఇప్పుడే ఒప్పుకుని సంతకం పెట్టమంది. సుందరరాజులు కలం లాక్కుని సంతకం గీకాడు. ఆ చూపులో పశ్చాత్తాపం లేదు, కసి ఉంది. ఇలాంటివాళ్లకు మనసు మారేదాకా ఆగితే కూలివాడి పొయ్యి వెలగదు.

విద్యాలక్ష్మి కాగితం అందుకుంటూ అంది: "దెబ్బ తిన్న మనిషిలో ఇంకా ఎంత బలం మిగిలిందని వెతకండి, తప్పులేదు. కానీ పని ఇవ్వడానికి వెతకండి. గెంటేయడానికి వెతికితే, మీరు ఆయనకు రెండోసారి దెబ్బ కొట్టినట్టే."