అరవయ్యో గీత

ఎర్రమ్మ అనే ఆవు కడుపు ఖాళీ అని తెలిసిన రోజు కూడా, బసవపున్నయ్య తెల్లవారగానే చెక్కబద్దను, ఎద్దు వీర్యం చల్లగా నిలవుంచే నైట్రోజన్ డబ్బాలోకి దింపి చూశాడు. బద్ద మీద జానెడు మేర మంచు పట్టింది. ఇంకో వారం తెనాలి వెళ్ళి నింపించనక్కరలేదు. డబ్బాను బండికి కట్టుకుని రేపల్లె దారి పట్టాడు.

ఇరవై ఆరేళ్ళుగా ఆ చుట్టుపక్కల ఆవులకూ గేదెలకూ చూలు కట్టించే సూదులు వేయడం ఆయన పని. ఎడమ భుజం పైకి లేవదు. చొక్కా తొడుక్కోవాలంటే భార్య కుమారి సాయం పట్టాలి. మూడో నెల వచ్చేదాకా ఇంట్లోవాళ్ళు కడుపు సంగతి బయటపెట్టనట్టే, ఆయన కూడా అరవయ్యో రోజు చేత్తో తడిమి చూడందే పశువు చూలు కట్టిందని చెప్పడు.

వెంకటసుబ్బులు దగ్గర మాత్రం ఆ నియమం తప్పాడు. ఆమె ఆవు ఎర్రమ్మకు మూడుసార్లు చూలు నిలవలేదు. బాపట్ల డాక్టరు గర్భం నిలబెట్టే హార్మోను ఇంజెక్షన్లు వారానికొకటి వేయమన్నాడు. నాలుగోసారి సూది వేశాక ఇరవై ఒకటో రోజు ఆవు ఎదకు రాలేదు.

"నిలిచినట్టేనా తమ్ముడూ?"

"నిలిచినట్టే అక్కా."

చూలు లేకపోయినా ఆ ఇంజెక్షనే ఎదను ఆపుతుందని ఆయనకు తెలుసు. ఆమె ముఖం చూసి అనేశాడు. ఈసారీ నిలవకపోతే సంతకు తోలేస్తానన్న కొడుకు శివకృష్ణకు ఆమె ఆ మాటే చెప్పుకుంది.

సూది వేసిన నాటినుంచీ పాక గోడ మీద రోజుకో బొగ్గు గీత గీస్తూ వచ్చింది.

"అరవయ్యోది నువ్వు చూశాకే గీస్తా. ఊళ్ళో దూడలన్నీ నీ చలవే గదా, మా దానిమీదే పగేంటో చూద్దాం," అని నవ్వింది.

అరవయ్యో రోజు ఉదయం ఆయన తొడుగు వేసుకుని, ఆవు లోపలికి భుజం దాకా చెయ్యి పెట్టి తడిమాడు. ఇంకోసారి తడిమాడు. తర్వాత బకెట్ దగ్గర కూర్చుని చాలాసేపు చెయ్యి కడుక్కున్నాడు.

"లేదక్కా."

"ఉన్నది పోయిందా, అసలు లేనే లేదా?"

ఇరవై ఏళ్ళ కిందట, అలాంటి ఇంజెక్షన్లే వారాల తరబడి వేయించుకున్న కుమారి, తెనాలి ఆసుపత్రి మెట్ల మీద ఇదే అడిగింది.

"తెలీదక్కా. నేను ముందే అనకుండా ఉండాల్సింది."

"నువ్వన్నావనే తమ్ముడూ, ఈ నలభై రోజులూ కంటినిండా నిద్రపోయాను."

ఆయన తల దించుకున్నాడు. "ఇంకొక్కసారి చూద్దాం. శివకృష్ణతో నేను మాట్లాడతాను. సాయంత్రం వస్తా."

మిగిలిన నాలుగు ఇళ్ళూ తిరుగుతున్నంతసేపూ, ఆ కుర్రాడికి చెప్పాల్సిన మాటలు పోగుచేసుకున్నాడు. ముందుగా తప్పు తనదేనని చెప్పాలనుకున్నాడు.

సాయంత్రం వచ్చేసరికి వెంకటసుబ్బులు ఖాళీ తొట్టి కడుగుతోంది. కట్టుకొయ్యకు పలుపుతాడు లేదు.

"మావాడు మధ్యాహ్నమే బండి తెచ్చాడు. పలుపుతోనే పంపించా, కొత్తచోట బెదురుతుందని," అంది.

లోపలికి వెళ్ళి, ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన దాచిన ఇంజెక్షను తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఈ వారానిది. ఎవరి ఆవుకైనా పనికొస్తుంది."

చల్లటి సీసాను ఆయన జేబులో వేసుకున్నాడు. శివకృష్ణ ఇంకా ఇంటికి రాలేదు. అతనికి చెప్పాల్సింది చెప్పలేదు.

గోడ మీద యాభై తొమ్మిది గీతలు ఉన్నాయి. వాటి కింద, దిమ్మె మీద, బొగ్గుముక్క ఉంది.