బోర్గిల్డ్ మింగిన మాత్ర

శుక్రవారం కాబట్టి వార్డు వంటగదిలో వాఫిల్స్ కాలుస్తున్నారు. పైగా ఆ రోజు మాకు సంబరం. మందుల విషయంలో తమ వార్డు ఎంత భద్రమని సిబ్బంది అనుకుంటున్నారో ఆసుపత్రి పెద్దలు అందరినీ అడిగి తెలుసుకున్నారు. పొరపాటు జరిగితే దాచకుండా చెప్పగలరా అంటే మావాళ్ళంతా నిస్సంకోచంగా చెప్పగలమన్నారు. అన్ని వార్డుల్లోకీ మాకే మంచి పేరొచ్చిందని ఆ రోజే తెలిసింది. ఆ వార్డుకు హెడ్ నర్సుని నేనే. డాక్టర్ ఐవిన్ తన వాఫిల్ మీద గోధుమరంగు చీజ్ పరుచుకుంటూ, "ఇంక నిన్ను పట్టుకోలేం తూరున్" అన్నాడు. నిజమే, నా కాళ్ళు నేల మీద లేవు.

కిటికీ పక్క మంచంలో సిస్టర్ బోర్గిల్డ్ ఉంది. నాకు ముందు చాలా ఏళ్ళు ఈ వార్డును ఏలింది ఆవిడే. నార్వేలో చిన్నా పెద్దా అందరం పేరు పెట్టే పిలుచుకుంటాం, కానీ ఆవిడ పేరుకు ముందు 'సిస్టర్' అనకపోతే మా సముద్ర తీరంలో ఎవరికీ నోరు రాదు. ఆవిడ నడిచి వస్తుంటే డాక్టర్లు కూడా సిగరెట్లు ఆర్పేసేవాళ్ళట. ఇప్పుడు ఊపిరితిత్తులకు నెమ్ము చేసి మా దగ్గర చేరింది. దుప్పటి మడత సరిగా లేదని మంచంలోంచే మాకు పాఠాలు చెబుతోంది. ఎవరూ నొచ్చుకోలేదు. మాలో సగం మందికి దుప్పటి మడవడం నేర్పింది ఆవిడే.

పక్క మంచం ఆస్లౌగ్‌ది. ఆవిడకు చక్కెర జబ్బు. ఆ పొద్దున ఎక్స్‌రేకి తీసుకెళితే అక్కడ రద్దీ వల్ల మధ్యాహ్నం దాకా రాలేదు.

భోజనాలకు కాస్త ముందు బోర్గిల్డ్ గదిలోకి వెళ్ళిన ఐవిన్ గుమ్మంలోంచే నన్ను కేకేశాడు. ఆవిడ చెమటతో తడిసి ముద్దయి ఉంది. జుట్టు నుదుటికి అంటుకుపోయింది. నన్ను చూసి, పడవ వెళ్ళిపోతోంది, తాడు లాగమంది. చేతులు గాలిలో దేన్నో వెతుకుతున్నాయి. పక్షవాతం అనుకున్నాం. వేలు గుచ్చి రక్తం చూస్తే చక్కెర అడుగంటిపోయింది. చక్కెర జబ్బే లేని మనిషికి ఇలా ఎందుకయిందో ఇద్దరికీ అంతు పట్టలేదు. నరంలోకి గ్లూకోజు ఎక్కించడం మొదలుపెట్టాం.

అప్పుడు తూవా వచ్చింది. మా దగ్గర చేరి ఏడాది కూడా కాని నర్సు. చేతిలో మాత్రల కప్పు, మూత తీయకుండా అలాగే ఉంది. ఆస్లౌగ్ ఎక్స్‌రే నుంచి తిరిగొస్తే పొద్దుటి మాత్ర ఇద్దామని మందుల బండి మీది కప్పు తీసిందట. మూత మీద బోర్గిల్డ్ పేరుంది.

"ఇది సిస్టర్‌ది" అంది తూవా. "సిస్టర్ మింగింది ఆస్లౌగ్‌ది. నేనే ఇచ్చాను. పొద్దున నేనే ఇచ్చాను."

వరండాలో, వంటగదిలో ఉన్నవాళ్ళంతా విన్నారు. మా వార్డులో, ఆ రోజున, అదీ బోర్గిల్డ్‌కి. ఐవిన్ మాత్రం తూవాని ఒక్కటే అడిగాడు, ఏ మాత్ర అని. అది చెప్పగానే, దాని ప్రభావం చాలాసేపు ఉంటుందని, రేపటి దాకా గంట గంటకూ రక్తం చూడాలని పురమాయించాడు. తూవా సకాలంలో చెప్పకపోతే ఒకసారి గ్లూకోజు పెట్టి, తేరుకుందని వదిలేసేవాళ్ళం. సాయంత్రం మళ్ళీ చక్కెర పడిపోయింది. అప్పటికి మేం సిద్ధంగా ఉన్నాం.

పేరు అడగలేదా అని తర్వాత తూవాని అడిగాను. మందిచ్చే ముందు ప్రతి రోగినీ పేరూ, పుట్టిన తేదీ అడగాలన్నది మా నియమం. ఆ పిల్ల తల వంచుకుంది. సిస్టర్ బోర్గిల్డ్‌ని పట్టుకుని నీ పేరేంటని అడగడానికి నోరు రాలేదట. ఇంటికి వెళ్ళమంటే వెళ్ళలేదు. డ్యూటీ అయ్యేదాకా ఉండి, వేరే గదుల్లో పని చేసింది.

మర్నాటికి బోర్గిల్డ్ లేచి కూర్చుని కాఫీ అడిగింది. నేనూ ఐవిన్ కుర్చీలు లాక్కుని ఆవిడ ముందు కూర్చున్నాం. మీకు వేరొకరి మందు ఇచ్చాం, తప్పు మాది, క్షమించండి అని ఐవిన్ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ కాఫీ ఒక గుక్క తాగింది.

"నాకు తెలుసు" అంది.

ఎవరు చెప్పారని అడిగాను.

"ఎవరు చెప్పాలి? నాకు కళ్ళు లేవా? మూత మీద ఆస్లౌగ్ పేరు చదివాను."

ఐవిన్ చేతిలోని కలం కింద పడింది. తీసుకోలేదు. నేను తప్పు విన్నానేమో అనుకున్నాను.

"చదివి మింగారా?"

"ఆ పిల్ల ఎదురుగా నిలబడి ఉంది. తలుపు తెరిచే ఉంది. నేను నోరు విప్పితే అందరికీ వినబడుతుంది." దుప్పటి మడత సరిచేసుకుంది. "గూద్నీ అని ఒక పిల్ల ఉండేది నా దగ్గర. ఇలాగే మాత్రలు మార్చింది. వార్డంతా వినేలా కడిగేశాను. మర్నాడు రాలేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. చేపల ఫ్యాక్టరీలో చేరిందట. మంచి చేతులు ఆ పిల్లవి." కప్పు దించింది. "ఒక మాత్రే కదా, ఏ రక్తపోటుదో అయి ఉంటుందనుకున్నాను."

ఆవిడ మీద నాకు జాలి కలగాలి. కలగలేదు. ఒళ్ళు మండింది.

"మీరు పోయేవారు" అన్నాను. "మీరు పోతే తూవా ఏమయ్యేది సిస్టర్? ఆ పిల్లని కాపాడానని అనుకుంటున్నారా?"

ఆ సంగతి బోర్గిల్డ్‌కి తట్టనే లేదని మొహంలో కనిపించింది.

మేం లేవబోతుంటే తూవా గుమ్మంలో నిలబడి ఉంది. క్షమాపణ చెప్పుకోవాలని వచ్చింది, కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. బోర్గిల్డ్ ఆ పిల్లను చెప్పనివ్వలేదు.

"ఎవరెవరికి చెప్పావు?"

"అందరికీ."

"పైవాళ్ళకి కూడానా?"

"నేనే రాసి పంపాను."

"మరి ఇంకా ఇక్కడే ఉన్నావేంటి?" బోర్గిల్డ్ నిజంగానే బిత్తరపోయి అడిగింది. అది ఎత్తిపొడుపు కాదు.

తూవా నా వైపు చూసి, "ఈ రోజు నా డ్యూటీ కదా" అంది.

బోర్గిల్డ్ ఇంటికి వెళ్ళేలోపు ఒక కోరిక కోరింది. వార్డు సమావేశంలో తనను మాట్లాడనివ్వాలని. చేతికర్రతో వచ్చి, పాత అలవాటుగా నిలబడే, జరిగింది ఏమీ దాచకుండా చెప్పింది. మూత చదివి మరీ మింగానన్నప్పుడు ఎవరో "అయ్యో దేవుడా" అన్నారు. తర్వాత ఆవిడ మమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది.

"నా మంచంలో మీరుంటే, మందిచ్చే పిల్ల మీకు ఇష్టమైన పిల్ల అయితే, మీలో ఎవరు మింగేవాళ్ళు?"

వెనక కూర్చున్న ఒక సీనియర్ నర్సు చెయ్యెత్తింది. ఆమె పక్కావిడ ఎత్తింది. ఒక్కొక్కటే చేతులు లేస్తూ పోయాయి. మందు తేడాగా ఉంటే చెప్పమని రోగులకు రోజూ పదే పదే చెప్పేవాళ్ళ చేతులే అవి. ఐవిన్ తన చేతిని కాసేపు చూసుకుని ఎత్తాడు. నాదీ లేచింది, నేను లేపానో దానంతట అదే లేచిందో చెప్పలేను. తూవా ఒక్కతే చెయ్యెత్తలేదు. మా అందరినీ చూస్తూ, మేమెవరో మొదటిసారి తెలిసినట్టు, గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

బోర్గిల్డ్ ఆ చేతులన్నీ చూసి మెల్లగా కుర్చీలో కూలబడింది. మేం మింగేవాళ్ళం కాదంటామనే నమ్మకంతోనే ఆవిడ ఆ ప్రశ్న అడిగిందని నాకు అప్పుడు అర్థమయింది.

"అమ్మాయిలూ, చేతులు దించండి" అంది చివరికి, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో.