గట్టు మీది కూరాకు

నాగేంద్రమ్మను నరసరావుపేట ఆసుపత్రిలో పడుకోబెట్టి, షాహిదా తిన్నగా పున్నారావు అరుగు మీదికి వచ్చింది. చేతిలో కూరగిన్నె. వెనక ముప్పై మంది ఆడకూలీలు.

"నీ చేలో కూరే పున్నారావయ్యా. ఒక్క ముద్ద తిని చూపియ్యి."

ముట్టుకుంటాడా! కలుపు కూలి దండగని, గడ్డిమందుకు చావని దొంగ పత్తి విత్తనం వేసి, గట్లతో సహా నలభై ఎకరాలకూ ఆ మందు కొట్టించింది ఆయనే. కూలీలకు మాటైనా చెప్పలేదు. మందు పడ్డ ఆకు రెండు రోజులు పచ్చగానే ఉంటుంది. చేలో పనికి పోయినవాళ్లు చెంచలి, గంగపాయల కూర ఒడిలో కట్టుకు రావడం తాతల నాటి అలవాటు. నాగేంద్రమ్మ తిని పడిపోయిన కూర ఆ రోజు ఆమె ఒడిలో నింపింది షాహిదాయే. అది తలుచుకుంటే షాహిదాకు ఒళ్లు మండిపోతోంది.

"కలుపు మొక్కలు తినమని నేను చెప్పానా? రేషన్ బియ్యం రావట్లా మీకు?"

"ఒట్టి బియ్యంతో ఒంట్లో నెత్తురు పడుద్దా? మా పిల్లల కూర చంపావు. నేలనీ చంపావు. నీ చేలో వానపాము కనపడి ఎన్నాళ్లయింది?"

"దిక్కున్నచోట చెప్పుకోండి పొండి!"

ఆ సాయంత్రం బడి ముందు అందరూ కూర్చున్నారు. కూలీల్లో ఉష అడిగింది: "పని మానుకుంటే ఏం తింటామే?"

"పోతే ఏం తిన్నాం? మందు!" అంది షాహిదా.

గడ్డిమందు ఆపాలి, పత్తి మధ్య మునుపటిలా కంది, జొన్న సాళ్లు వెయ్యాలి. అందాకా పత్తి తియ్యకూడదనుకున్నారు.

నెల తిరిగేసరికి పత్తి పగిలింది, మబ్బు పట్టింది. పున్నారావు వినుకొండ నుంచి కూలీలను ఆటోల్లో దింపాడు. దిగగానే వాళ్ల కళ్లు గట్టు మీదికే పోయాయి. గట్టంతా ఎండి మాడిపోయి ఉంది.

"కూరాకు ఏది అక్కా?" అని ఒకామె అడిగింది.

షాహిదా జరిగినదంతా చెప్పింది. అడిగినామె అన్నం క్యారియర్ మళ్లీ చంకన పెట్టుకుంది. "ఆటో తిప్పరా!"

అంతే, పున్నారావు పిలిపించిన పోలీసు జీపు వచ్చింది. "ఏంది నీ లీడర్‌గిరీ?" అంటూ ఎస్సై షాహిదాను ఎక్కించాడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. తను నిలబడ్డ చోట కర్ర ఊతతో నాగేంద్రమ్మ నిలబడి ఉంది. పక్కన ఉష, ఆ పక్కన మిగతా అందరూ.

"ఒక్క జీపే తెచ్చావేందయ్యా?" అని అరిచింది నాగేంద్రమ్మ. "మేం చానామందిమి ఉన్నాం!"

పత్తి మీద చినుకు పడింది. పున్నారావు గట్టు పొడుగునా పరిగెత్తుతున్నాడు. ఒక్కరూ చేలో కాలు పెట్టలేదు.